శుభలేఖ మీది వినాయకుడి చుట్టూ నల్లని పెట్టె ఎందుకు వస్తోంది?

ఆండర్సన్‌వీధి | శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో మా మేనమామగారికి శుభలేఖల కొట్టు ఉన్నది. పదిహేనేళ్ళుగా వేర్వేరు డిజైనర్లు గీసి ఇచ్చిన వినాయకుళ్ళు, పూర్ణకలశాలు, అరటి బోదెలు, మామిడి తోరణాలు, సన్నాయి మేళాల బొమ్మలు మొత్తం 380 పీఎన్‌జీ ఫైళ్ళుగా ఒకే ఫోల్డరులో పేరుకుపోయి ఉన్నాయి. దాదాపు అన్నిటికీ నేపథ్యం పారదర్శకమే. కొట్టుకు వచ్చినవారికి టాబ్లెట్‌లో చూపడానికి వీటిని జేపీజీలుగా మార్చి పెట్టమని మామయ్య అడిగారు. ఒక్కొక్కటి తెరిచి మార్చే ఓపిక లేక, నా లాప్‌టాప్‌లో బొమ్మలను ఆదేశాలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ 7 పెట్టుకుని, ఫోల్డరు మొత్తం మీద ఈ ఆదేశాన్ని నడిపాను.

మ్యాజిక్ మాగ్రిఫై -ఫార్మాట్ జేపీజీ *.పీఎన్‌జీ

పని ఇట్టే అయిపోయిందని సంతోషించి తెరిచి చూస్తే, దాదాపు ప్రతి బొమ్మ చుట్టూ కాటుక పులిమినట్టు నల్లని పెట్టె వచ్చింది. నాలుగు మూలలా పసుపు రాసి పంచవలసిన శుభలేఖ మీద ఈ నలుపేమిటని మామయ్య ఆ టాబ్లెట్‌ను గల్లాపెట్టె పక్కకు తోసేశారు. ఇంకొక విచిత్రం కూడా ఉన్నది. కొన్ని ఫైళ్ళకు నలుపుకు బదులు తెలుపు వచ్చింది. నాకు కావలసినది అదే. కానీ ఒకే ఆదేశానికి రెండు రకాల ఫలితం ఎందుకు వచ్చిందో బోధపడడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

నిర్వాహకులు | శుక్రవారం, రాత్రి 9:32

స్వాగతం. ఈ వేదికలో ఆదేశాలను తెలుగు లిపిలో రాసుకుంటాము. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలలో, అన్నీ చిన్న బడిలో (లోయర్‌కేసులో) కొట్టుకోవాలి. ఫైళ్ళ పేర్లు మీ ఇష్టం.

ఉల్లిపొర | శుక్రవారం, రాత్రి 9:41

జేపీజీలో పారదర్శకతకు అసలు చోటే లేదండీ. పీఎన్‌జీలో ఉన్న ఆల్ఫా ఛానల్‌ను, అంటే ఏ చోటు ఎంత కనబడాలో చెప్పే భాగాన్ని, మీ ఆదేశం పారేసింది, దాని కింద ఏ రంగు ఉన్నదో అది బయటపడింది. పారేసే ముందు, బొమ్మ వెనుక తెల్ల కాగితం పరచమని చెప్పాలి.

మ్యాజిక్ మాగ్రిఫై -పాత్ జేపీజీలు -ఫార్మాట్ జేపీజీ -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా రిమూవ్ -ఆల్ఫా ఆఫ్ *.పీఎన్‌జీ

ఇందులో -ఆల్ఫా రిమూవ్ అన్నది బొమ్మను తెలుపు మీద అతికిస్తుంది, -ఆల్ఫా ఆఫ్ అన్నది ఇక పనికిరాని ఆల్ఫా ఛానల్‌ను తీసేస్తుంది. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల -ఫ్లాటెన్ అని కనిపిస్తుంది కానీ, అది ఆదేశంలో చదివించిన బొమ్మలన్నిటినీ కలిపి ఒకే బొమ్మ చేసే పని కనుక మాగ్రిఫైలో వాడకూడదు. -పాత్ తరువాత ఉన్న ఫోల్డరును ముందే సృష్టించుకోండి. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉన్నది. నేను ఒకసారి -పాత్ గానీ -ఫార్మాట్ గానీ లేకుండా -రీసైజ్ 50% అని మాగ్రిఫై నడిపి, మా అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోల అసలు ఫైళ్ళన్నిటినీ సగానికి కుదించేశాను. మాగ్రిఫై అడగదు, హెచ్చరించదు, అసలు ఫైలు మీదే రాసేస్తుంది.

పాతకాపు | శుక్రవారం, రాత్రి 10:15

ఉల్లిపొర గారు మందు చెప్పారు. ఆండర్సన్‌వీధి అడిగిన రెండో ప్రశ్నకు, అంటే కొన్ని ఎందుకు తెల్లగా వచ్చాయన్నదానికి, జబ్బు చెప్పవలసి ఉన్నది.

నాయనా, మామూలు రంగుల పీఎన్‌జీలో ప్రతి పిక్సెల్‌కు నాలుగు అంకెలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా. ఆల్ఫా 255 అయితే పిక్సెల్ పూర్తిగా కనబడుతుంది, 0 అయితే అసలు కనబడదు. అయితే ఆల్ఫా 0 అయినంత మాత్రాన మిగతా మూడు అంకెలు చెరిగిపోవు. (0, 0, 0, 0) అన్నదీ, (255, 255, 255, 0) అన్నదీ కంటికి ఒకే శూన్యం. ఆల్ఫాను తీసేసిన మరుక్షణం ఒకటి నలుపు, ఇంకొకటి తెలుపు. మీ డిజైనర్లలో ఎక్కువ మంది వాడిన సాఫ్ట్‌వేర్ ఆ కనబడని చోట సున్నాలు నింపి ఉంటుంది, ఒకరిద్దరు వాడినది తెలుపును అలాగే ఉంచి ఉంటుంది. పారదర్శకత అంటే రంగు లేకపోవడం కాదు, రంగు మీద తెర వేయడం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఇకమీద మీకు ఎదురయ్యే చిక్కులలో ముప్పాతిక వంతు ముందే తెలిసిపోతాయి.

పీఎన్‌జీని ఇలా తయారుచేయడం పొరపాటు కాదు. రంగును ఆల్ఫాతో ముందే గుణించి దాచుకునే పద్ధతి ఒకటి ఉన్నది. 1984లో లూకస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ తమ పత్రంలో బొమ్మలను ఒకదానిపై ఒకటి అతికించే లెక్కలన్నిటినీ ఆ పద్ధతిలోనే రాశారు. అది లెక్కకు సుఖం. కానీ ఎనిమిది బిట్ల ఫైలులో అలా దాచితే, ఆల్ఫా 1 ఉన్న పిక్సెల్‌కు ప్రతి రంగులోనూ 0, 1 అనే రెండే విలువలు మిగులుతాయి, అసలు రంగును వెనక్కి రాబట్టలేము. ఏ వివరమూ పోకూడదన్నది 1996లో వెలువడిన పీఎన్‌జీ ప్రమాణం పట్టుదల కనుక, రంగును గుణించకుండా వేరుగా ఉంచాలని నిర్ణయించారు. దాని ఫలమే ఈ దాగిన రంగు.

నేను నెట్‌పీబీఎం అనే పాత బొమ్మల పనిముట్ల కాలం మనిషిని. జెఫ్ పోస్కాంజర్ 1988లో విడుదల చేసిన పీబీఎంప్లస్ దానికి పూర్వరూపం. అందులోని పీపీఎం ఫైలుకు ఆల్ఫా ఉండదు కనుక ముసుగును, అంటే ఆల్ఫాను, విడిగా ఒక ఫైలుగా తీసి పెట్టుకునేవాళ్ళం:

పీఎన్‌జీటూపీఎన్‌ఎం -ఆల్ఫా వినాయక.పీఎన్‌జీ > ముసుగు.పీజీఎం

పామ్‌కాంప్ -ఆల్ఫా=ముసుగు.పీజీఎం పైబొమ్మ.పీపీఎం కాగితం.పీపీఎం > ఫలితం.పీపీఎం

ఇది చాదస్తంగా కనబడుతుంది గానీ, రంగు ఒక ఫైలు, ముసుగు ఒక ఫైలు అని కళ్ళారా చూసినవాడికి మీకు వచ్చిన సందేహం రాదు. ఇమేజ్‌మ్యాజిక్‌లోనూ -ఆల్ఫా ఎక్స్‌ట్రాక్ట్ అంటే ముసుగు ఒక్కటీ నలుపు తెలుపుల బొమ్మగా వస్తుంది. ఒకసారి తీసి చూడండి.

ఆండర్సన్‌వీధి | శనివారం, ఉదయం 7:05

ఉల్లిపొర గారి ఆదేశంతో 380 ఫైళ్ళూ తెల్లగా వచ్చాయి, కృతజ్ఞతలు. పాతకాపు గారు చెప్పిన తరువాత కుతూహలం కొద్దీ దాగిన రంగులు చూద్దామని, అన్నిటినీ వట్టి -ఆల్ఫా ఆఫ్‌తో వేరే ఫోల్డరులోకి మార్చి, తెల్లవారుజామున ఒక్కొక్కటీ చూస్తూ పోయాను. రెండు కలశం ఫైళ్ళలో, బొమ్మ కింద ఖాళీగా ఉండే చోట, ఎవరిదో వధూవరుల పేర్లు, కల్యాణ మండపం చిరునామా, పెళ్ళికూతురి తండ్రి ఫోను నంబరు స్పష్టంగా కనిపించాయి. ఎవరో డిజైనరు ఒక పెళ్ళి కార్డు మీది అక్షరాలను ఎరేజరుతో చెరిపి, మిగిలిన కలశాన్ని మా కొట్టు వాడకానికి పీఎన్‌జీగా దాచి ఉంటారు. ఆ ఫైళ్ళను మేము అడిగినవారికల్లా పంపుతూ వచ్చాము. నాకు చెమటలు పట్టాయి. దీన్ని శాశ్వతంగా పోగొట్టే దారి ఉన్నదా?

పాతకాపు | శనివారం, ఉదయం 7:40

ఉన్నది. పారదర్శకత పోకుండా, పూర్తిగా కనబడని పిక్సెళ్ళలోని రంగును మాత్రమే తెలుపుతో నింపే ఆదేశం ఇది:

మ్యాజిక్ కలశం.పీఎన్‌జీ -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా బ్యాక్‌గ్రౌండ్ కలశం-శుభ్రం.పీఎన్‌జీ

ఒక మెలిక ఉన్నది. ఇది ఆల్ఫా సరిగ్గా 0 ఉన్నచోటనే పనిచేస్తుంది. ఎరేజరు మెత్తని అంచుతో చెరిపి ఉంటే, ఆల్ఫా 1, 2, 3 ఉన్న పిక్సెళ్ళు కంటికి ఆనకుండా మిగిలిపోతాయి, వాటి వెనుక అక్షరాల రంగు అలాగే ఉంటుంది. అందుకని ముందుగా -ఛానల్ ఏ -బ్లాక్-థ్రెషోల్డ్ 5% +ఛానల్ అని చేర్చి, ఆ కొద్దిపాటి ఆల్ఫాను 0 చేసి, తరువాత రంగు నింపండి. చేసిన తరువాత మళ్ళీ -ఆల్ఫా ఆఫ్‌తో చూసి నిర్ధారించుకోండి. ఇటువంటి విషయంలో ఆదేశాన్ని నమ్మకూడదు, కన్నునే నమ్మాలి.

ఉల్లిపొర | శనివారం, ఉదయం 8:10

దీనికి ఒక అనుబంధం. వెబ్‌సైటుకు పెట్టేవారు పీఎన్‌జీని వెబ్‌పీగా మార్చే సీవెబ్‌పీ వాడితే, అది కనబడని చోటి రంగులను మామూలుగానే మార్చేస్తుంది, ఎందుకంటే అలా చేస్తే ఫైలు చిన్నదవుతుంది. -ఎగ్జాక్ట్ అని అడిగితేనే అలాగే ఉంచుతుంది. ఆ మాట ఎక్కడో చూసి కాపీ కొట్టి వాడేవారు ఏమి దాచుకుంటున్నారో తెలుసుకుని వాడాలి. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు కూడా పారదర్శక పిక్సెళ్ళ రంగులను అలాగే ఉంచాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. బహుశా మీ డిజైనరు దాన్ని టిక్కు పెట్టి ఉంటారు.

ఆండర్సన్‌వీధి | శనివారం, మధ్యాహ్నం 2:30

రెండు ఫైళ్ళూ శుభ్రమయ్యాయి, కళ్ళతో చూసుకున్నాను. పాత ఫైళ్ళు పంపినవారికి కొత్తవి పంపి, పాతవి తీసేయమని చెప్పాను.

ఇప్పుడు అసలైన తలనొప్పికి వస్తున్నాను. పారదర్శకం కాని బొమ్మలు కూడా ఒక నలభై ఉన్నాయి. మామయ్య చిన్నతనంలో ఒక పెద్దాయన ఇండియన్ ఇంకుతో తెల్ల కాగితం మీద చేత్తో గీసిన వినాయకుళ్ళవి. వాటిని స్కాన్ చేయించాము. ఇప్పుడు గిరాకీ అంతా మెరూన్ కార్డు మీద బొమ్మకు ఉన్నది. అందుకని తెలుపును పారదర్శకం చేద్దామని ఇలా నడిపాను:

మ్యాజిక్ స్కాన్.పీఎన్‌జీ -ఫజ్ 15% -ట్రాన్స్‌పరెంట్ వైట్ గణపతి.పీఎన్‌జీ

మెరూన్ మీద పెడితే ప్రతి గీత చుట్టూ బూడిద రంగు నూలుపోగు అంటుకున్నట్టు ఒక అంచు కనబడుతోంది. అంతకన్నా ఘోరం, ఏకదంతుడికి ఉన్న ఆ ఒక్క దంతమూ మాయమై, దాని చోట మెరూన్ కనబడుతోంది. మామయ్య ఈసారి ఏమీ అనలేదు, నన్నే చూస్తూ ఉండిపోయారు.

అంచుమెరుపు | శనివారం, సాయంత్రం 5:15

తమ్ముడూ, ఇది నేను అడయారులో ఇంటి నుంచి చేసే పనే కనుక కొంచెం విడమరచి చెబుతాను.

ముందు ఆ బూడిద అంచు సంగతి. స్కానులో నల్లని గీత తెల్లని కాగితాన్ని తాకే చోట, ఒక పిక్సెల్‌లో సగం గీత, సగం కాగితం పడితే, స్కానరు దాన్ని సుమారు (128, 128, 128) అనే బూడిద రంగుగా రాస్తుంది. మీ ఆదేశం తెలుపుకు 15 శాతం దగ్గరగా ఉన్నవాటినే తీసింది కనుక ఈ బూడిద పిక్సెల్ నిండు ఆల్ఫాతో నిలిచిపోయింది. తెల్ల కాగితం మీద అది కంటికి నునుపైన అంచు. మెరూన్ మీద అదే మురికి. అక్కడ నిజంగా ఉండవలసినది నలుపు రంగు, సగం ఆల్ఫా. అలా ఉంటే (128, 0, 0) మెరూన్ మీద ఆ పిక్సెల్ (64, 0, 0) అవుతుంది, గీత కాగితంలోకి కరిగిపోయినట్టు ఉంటుంది. ఫజ్‌ను 40 శాతానికి పెంచి అంచును కొరికేసేవారు ఉన్నారు. అలా చేస్తే బూడిద పోతుంది, దానితో పాటు గీత సన్నబడి రంపపు పళ్ళలా తయారవుతుంది.

కనుక ఇంకు గీతల బొమ్మలకు ఫజ్‌ను మరిచిపోండి. స్కానునే ముసుగుగా మార్చండి. ఎక్కడ ఎంత నలుపు ఉంటే అక్కడ అంత ఆల్ఫా, రంగు మాత్రం మనం ఇచ్చినది.

మ్యాజిక్ స్కాన్.పీఎన్‌జీ -కలర్‌స్పేస్ గ్రే -లెవెల్ 10%,85% -నెగేట్ -బ్యాక్‌గ్రౌండ్ గోల్డ్ -ఆల్ఫా షేప్ గీతలు.పీఎన్‌జీ

-లెవెల్ అన్నది పాత కాగితపు పసుపుదనాన్ని పూర్తి తెలుపుకు, వెలిసిన ఇంకును పూర్తి నలుపుకు లాగుతుంది. మీ స్కానులను బట్టి ఆ రెండు అంకెలూ సర్దుకోవాలి. -నెగేట్ తరువాత గీతలు తెల్లగా, కాగితం నల్లగా మారతాయి. -ఆల్ఫా షేప్ ఆ వెలుగునే ఆల్ఫాగా తీసుకుని, రంగు అంతటినీ బ్యాక్‌గ్రౌండ్‌లో ఇచ్చిన బంగారు రంగుతో నింపుతుంది. సగం గీత పడిన పిక్సెళ్ళు సగం ఆల్ఫాతోనే వస్తాయి, అంచు చుట్టూ ఏ మురికీ ఉండదు. నల్లటి గీతలు కావాలంటే గోల్డ్ చోట బ్లాక్ అనండి.

ఇక దంతం. పై పద్ధతిలోనూ తెలుపు అంతా పారదర్శకమే కనుక దంతం మెరూన్‌గానే ఉంటుంది. బంగారు గీతల కార్డుకు అది అందంగానే ఉంటుంది, చాలామంది అలాగే వేయించుకుంటారు. తెల్లని దంతమే కావాలంటే, గీతల కింద ఒక తెల్లని పొర కావాలి. ఆ పొరను బొమ్మ బయటి నుంచి నీళ్ళు పోసినట్టు నింపి తెచ్చుకోవాలి:

మ్యాజిక్ స్కాన్.పీఎన్‌జీ -ఆల్ఫా సెట్ -ఫజ్ 15% -ఫిల్ నన్ -డ్రా 'ఆల్ఫా 0,0 ఫ్లడ్‌ఫిల్' -ఆల్ఫా ఎక్స్‌ట్రాక్ట్ -మార్ఫాలజీ ఇరోడ్ డిస్క్:1 -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా షేప్ తెల్లపొర.పీఎన్‌జీ

ఎడమ పై మూల నుంచి మొదలైన పారదర్శకత గీత దాకా వచ్చి ఆగిపోతుంది, లోపలి దంతం, కళ్ళు, ధోవతి తెల్లగా మిగులుతాయి. ఇరోడ్ అన్నది ఆ తెల్ల పొరను చుట్టూ కొద్దిగా లోపలికి తరుగుతుంది, దానితో పొర అంచు గీత కింద దాగిపోతుంది. పెద్దాయన గీతలో ఎక్కడైనా సూదిమొనంత సందు ఉంటే మాత్రం, తూము తెరిచిన చెరువులా లోపలి తెలుపంతా బయటికి పోతుంది. అటువంటి ఫైళ్ళలో ముందుగా సందును చేత్తో మూయాలి, దానికి అడ్డదారి లేదు. తరువాత మూడు పొరలనూ ఒకదాని మీద ఒకటి పెట్టడమే:

మ్యాజిక్ మెరూన్.పీఎన్‌జీ తెల్లపొర.పీఎన్‌జీ -కాంపోజిట్ గీతలు.పీఎన్‌జీ -కాంపోజిట్ కార్డు.పీఎన్‌జీ

ఆండర్సన్‌వీధి | శనివారం, రాత్రి 8:50

అక్కా, దంతం వచ్చింది! నలభైలో ముప్పై ఒకటి మొదటిసారే సరిగా వచ్చాయి. ఎనిమిదింటిలో మీరు చెప్పినట్టే తూము తెరుచుకుంది. మిగిలిన ఒకదానిలో ఎలుక తోక కాగితం అంచును తాకుతూ మూలను రెండుగా చీల్చింది, అందువల్ల ఒక వైపు తెల్లగా ఉండిపోయింది.

ఒక అనుమానం. పాత ట్యుటోరియల్ ఒకదానిలో చూసి మ్యాజిక్ కాంపోజిట్ అనే వేరే ఆదేశాన్ని కూడా ప్రయత్నించాను. అందులో మెరూన్ కాగితం వినాయకుడి మీద పడి ఆయనను కప్పేసింది.

ఉల్లిపొర | శనివారం, రాత్రి 9:05

అందరమూ ఒకసారి పడే గోతే అది. మ్యాజిక్ కాంపోజిట్‌లో పై బొమ్మ ముందు, కింది బొమ్మ తరువాత రాయాలి. -కాంపోజిట్ అనే ఆప్షన్‌తో అయితే కింది బొమ్మ ముందు, పై బొమ్మ తరువాత. పాతకాపు గారి పామ్‌కాంప్‌లోనూ పై బొమ్మే ముందు. ఏదో ఒకటి పట్టుకుని దానికే కట్టుబడి ఉండడం మంచిది. నేను -కాంపోజిట్ ఆప్షన్‌కు ఓటు వేస్తాను, ఎందుకంటే పొరలను కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోయే వరుస అందులో సహజంగా ఉంటుంది.

ఎలుక తోక ఫైలుకు చుట్టూ తెల్ల అంచు చేర్చి నింపండి: -బోర్డర్‌కలర్ వైట్ -బోర్డర్ 1, నింపిన తరువాత -షేవ్ 1. ఆ ఒక్క పిక్సెల్ అంచు వెంబడి నీళ్ళు చుట్టూ తిరిగి వస్తాయి.

మరొక మాట, కొట్టులోని విండోస్ కంప్యూటరులో పాత పద్ధతిలో కన్వర్ట్ అని కొట్టకండి. డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళ ఏర్పాటుకు మార్చే విండోస్ సొంత ఆదేశానికీ అదే పేరు. ఏడో వెర్షన్ నుంచి మ్యాజిక్ అనే పేరుతో పిలవడం అలవాటు చేసుకుంటే ఆ గొడవ ఉండదు.

గుణకం | ఆదివారం, ఉదయం 10:20

అంచుమెరుపు గారి పద్ధతి చక్కనిదే, అయితే (64, 0, 0) అన్న లెక్కకు నేను అభ్యంతరం చెప్పవలసి ఉన్నది. ఫైలులోని అంకెలు వెలుగుకు సూటి కొలతలు కావు. మామూలు ఫైళ్ళు వాడే ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో 128 అన్నది 255లో సగం వెలుగు ఇవ్వదు, సుమారు ఐదో వంతే ఇస్తుంది. నలుపు మీద సగం ఆల్ఫాతో తెలుపును వేస్తే అంకెల లెక్కలో 128 వస్తుంది. వెలుగును లెక్కగట్టి కలిపితే 188 రావాలి. ముదురు రంగు మీద సన్నని లేత గీతలు అవసరమైన దానికన్నా బక్కగా కనబడడానికి ఇదే కారణం. బొమ్మలను, వెలుగును సూటిగా కొలిచే -కలర్‌స్పేస్ ఆర్‌జీబీకి మార్చి అతికించి, తిరిగి -కలర్‌స్పేస్ ఎస్‌ఆర్‌జీబీకి తేవాలి.

అంచుమెరుపు | ఆదివారం, ఉదయం 11:45

గుణకం గారూ, భౌతికశాస్త్రం మీ పక్షాన ఉన్నది, కాదనను. కానీ ఈ కార్డును గిరాకీ ముందు బ్రౌజరులో చూస్తారు, తరువాత డిజైనరు తన సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు. అవి మామూలుగా అంకెల లెక్కలోనే కలుపుతాయి. నేనొక్కదాన్నే వెలుగు లెక్కలో కలిపి పంపితే, తెర మీద చూసిన గీత ఒక లావు, ప్రూఫులో వచ్చినది ఒక లావు అవుతుంది. శుభలేఖ కొట్టులో అది పెద్ద పేచీ. పెద్ద ఫొటోను బాగా కుదించేటప్పుడు మాత్రం మీరు చెప్పినట్టే చేస్తాను, అక్కడ తేడా స్పష్టంగా కనబడుతుంది.

గుణకం | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కుదించేటప్పుడు చేస్తే చాలు, ఒప్పుకుంటున్నాను. గీతల విషయంలో మాత్రం నా మనసు మారలేదు.

ప్రెస్సుమేస్త్రీ | ఆదివారం, సాయంత్రం 4:30

నేను రాయపేటలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేస్తాను. ఇంతసేపూ తెర గురించి మాట్లాడారు, ఇక కాగితం గురించి నాలుగు మాటలు చెబుతాను.

పారదర్శకమైన పీఎన్‌జీని పెన్ డ్రైవులో తెచ్చి నేరుగా ప్లేటు తీయమనేవారు వారానికి ముగ్గురు వస్తారు. పీఎన్‌జీలో సీఎంవైకేకు, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల రంగులకు, చోటు లేదు. కనుక ముందుగా తెర రంగులైన ఆర్‌జీబీలోనే అన్ని పొరలనూ కార్డు రంగు మీద అతికించి, ఆల్ఫాను తీసేసి, ఆ తరువాతనే ప్రెస్సువారు ఇచ్చిన ప్రొఫైలుతో సీఎంవైకేకు మార్చి, టిఫ్‌గా ఇవ్వాలి. వరుస తిప్పితే, సగం ఆల్ఫా ఉన్న అంచుల దగ్గర రంగు అదుపు తప్పుతుంది. టిఫ్‌కు ఆల్ఫా ఉంచుకునే శక్తి ఉన్నది, కానీ గుణించిన ఆల్ఫా, గుణించని ఆల్ఫా అని రెండు రకాలూ అందులో ఇముడుతాయి. ఒక సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని ఇంకొకటి తప్పుగా చదివితే అంచులు నల్లబడతాయి. అందుకే ప్రెస్సుకు వచ్చే టిఫ్‌లో ఆల్ఫా ఉండకపోవడమే మేలు.

పీడీఎఫ్‌గా ఇచ్చేవారికి ఇంకొక మాట. పీడీఎఫ్‌లోకి పారదర్శకత 2001లో, 1.4 వెర్షన్‌తో వచ్చింది. చాలా ప్రెస్సులు ఇప్పటికీ అడిగే, అచ్చు కోసం చేసిన పీడీఎఫ్/ఎక్స్-1ఏ రకంలో పారదర్శకత నిషిద్ధం. ఎక్స్-4లో అయితే ఉండవచ్చు. ముందుగా అడిగి తెలుసుకోండి. వధూవరుల పేర్లు, ముహూర్తం వంటి అక్షరాలను బొమ్మలో కలిపేయకుండా పీడీఎఫ్‌లో అక్షరాలుగానే ఉంచండి. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేకు మారిస్తే నాలుగు ఇంకుల నలుపు అవుతుంది, ప్లేటు వెంట్రుక వాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగుల నీడ పడుతుంది, తెలుగు వత్తులు, గుడులు అలుక్కుపోతాయి.

కొలత: 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న కార్డుకు అంగుళానికి 300 చొప్పున 1500 × 2100 పిక్సెళ్ళు కావాలి, కత్తిరింపుకు పోయే అంచు దీనికి అదనం. పిక్సెళ్ళుగా కాక గీతల లెక్కగా ఉండే ఎస్‌వీజీ బొమ్మను మార్చేటప్పుడు -బ్యాక్‌గ్రౌండ్ నన్ -డెన్సిటీ 300 అన్నవి ఫైలు పేరుకు ముందు రాయాలి, తరువాత రాస్తే అవి చదివేటప్పటికి సమయం మించిపోతుంది.

ఆండర్సన్‌వీధి | ఆదివారం, రాత్రి 9:30

మేస్త్రీ గారూ, ఇవన్నీ రాసుకున్నాను. కార్డులు సరే, ఒక గిరాకీ అదే మెరూన్ వినాయకుడిని రిసెప్షన్ హాలు గుమ్మం దగ్గర 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీగా అడుగుతున్నారు. అంగుళానికి 100 చొప్పున ఆదేశం నడిపితే లాప్‌టాప్ మూలుగుతూ బిగుసుకుపోయింది. 4 జీబీ మెమరీ ఉన్న యంత్రం.

గుణకం | ఆదివారం, రాత్రి 9:55

లెక్క వేద్దాం. 12,000 × 9,600 అంటే 11.52 కోట్ల పిక్సెళ్ళు. ఇమేజ్‌మ్యాజిక్ 7 మామూలుగా ఒక్కొక్క ఛానల్‌కు 4 బైట్లు వాడుతుంది, నాలుగు ఛానళ్ళకు పిక్సెల్‌కు 16 బైట్లు. అంటే ఒక్క పొరకే 184 కోట్ల బైట్లు. మీరు మూడు పొరలు ఇచ్చారు. మెమరీ చాలక అది హార్డ్ డిస్కును మెమరీగా వాడుకోవడం మొదలుపెట్టింది, అందుకే ఆ మూలుగు.

ఇటువంటి వాటికి లిబ్‌విప్స్ అనే సాఫ్ట్‌వేర్ మేలు, దాని ఆదేశం పేరు విప్స్. బొమ్మను మొత్తంగా నెత్తికెత్తుకోకుండా, వీలైనంతవరకు చిన్న చిన్న ముక్కలుగా తెచ్చి, కలిపి, రాసి, వదిలేస్తుంది.

విప్స్ కాంపోజిట్2 మెరూన్.పీఎన్‌జీ వినాయక.పీఎన్‌జీ ఫ్లెక్సీ.టిఫ్ ఓవర్

విప్స్ ఫ్లాటెన్ ఫ్లెక్సీ.టిఫ్ ఫ్లెక్సీ-చివరిది.టిఫ్

ఇక్కడ కింది బొమ్మే ముందు. అయినా పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 100 దేనికి? 50 చాలు, పిక్సెళ్ళు నాలుగో వంతుకు దిగుతాయి.

ప్రెస్సుమేస్త్రీ | ఆదివారం, రాత్రి 10:02

ఫ్లెక్సీకి 50 చాలునన్నది నిజమే.

ఆండర్సన్‌వీధి | సోమవారం, సాయంత్రం 6:40

ఫ్లెక్సీ ఫైలు 50తో ఇమేజ్‌మ్యాజిక్‌లోనే అయిపోయింది, విప్స్ వరకు పోవలసిన అవసరం రాలేదు. చివరిగా ఒక్క ఫైలు మొండికేస్తోంది. 217 నంబరు మామిడి తోరణం. దాని ఆకుల కింద మెత్తని నీడ ఉన్నది, ఆ నీడ తెల్లని నేపథ్యంలో కలిసిపోయి ఉన్నది, ఆల్ఫా లేదు. ఫజ్ వాడితే నీడ తునకలు తునకలుగా తెగుతోంది. ముసుగు పద్ధతిలో చేస్తే ఆకుల పచ్చదనం పోతోంది.

అంచుమెరుపు | సోమవారం, రాత్రి 7:25

ఏ రంగు కార్డు మీద వేయాలి? పసుపు కార్డు అయితే ఆల్ఫా జోలికే పోవద్దు, గుణించి అతికించండి:

మ్యాజిక్ పసుపు.పీఎన్‌జీ తోరణం217.పీఎన్‌జీ -కంపోజ్ మల్టిప్లై -కాంపోజిట్ కార్డు217.పీఎన్‌జీ

తెలుపును 1గా లెక్కిస్తారు కనుక తెలుపున్న చోట కార్డు రంగు ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది, నీడ ఉన్నచోట అంతే మెత్తగా ముదురుతుంది. ఆకులు కొంచెం పసుపు పచ్చగా తిరుగుతాయి, మామిడాకుకు అది తప్పేమీ కాదు. మెరూన్ మీద మాత్రం ఇది పనికిరాదు. ఆకుపచ్చలో ఎరుపు పాలు, మెరూన్‌లో ఆకుపచ్చ పాలు దాదాపు సున్నాయే కనుక గుణిస్తే ఆకులు నల్లబడి, మీ మొదటి రోజు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. మెరూన్ కార్డుకు ఆకులను విడిగా కత్తిరించి పైన పెట్టి, నీడను మాత్రం కింద గుణించుకోవాలి.

ఆండర్సన్‌వీధి | సోమవారం, రాత్రి 8:15

పసుపు కార్డేనక్కా. నీడ సరిగ్గా వచ్చింది. టాబ్లెట్ గల్లాపెట్టె పక్కనుంచి మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. మెరూన్ తోరణం ఎవరైనా అడిగితే అప్పుడు ఆకులు కత్తిరిస్తాను.